హుక్కా సెంటర్ గుమ్మంలో అమ్మ కుర్చీ

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో మా గాజుల దుకాణం పైన హుక్కా సెంటర్ తెరిచారు. హుక్కా పొగలోని ఆపిల్ వాసన కిందికి దిగుతుంటే, అగరొత్తుల ఖర్చు తప్పిందని లోలోపల మురిసిపోయాను. నెల తిరక్కుండానే గల్లా దగ్గర కూర్చునే అమ్మకు ఆయాసం పట్టుకుంది. పక్కవాళ్లు వదిలిన పొగ కూడా ఊపిరితిత్తులకు చేటేనన్నాడు డాక్టరు.

పైకి వెళ్లి, హుక్కాలు డాబా మీదికి మార్చమని సెంటర్ ఓనరుతో బేరం పెట్టాను.

"నీళ్లల్లకెల్లి వచ్చే పొగ అన్నా, ఏం గాదు" అన్నాడు.

మా బజారు పద్ధతిలో విసురుగా లేచి, వెనక్కి పిలుస్తాడని మెట్లు మెల్లగా దిగాను. పిలవలేదు.

"నీ బేరం సల్లగుండ!" అని నవ్వింది అమ్మ. మర్నాడు సాయంత్రం హుక్కాలు వెలిగించకముందే పైకెక్కి, గుమ్మంలో కుర్చీ వేసుకుంది. వచ్చే కుర్రాళ్లంతా మా బస్తీవాళ్లే. పెద్దావిడ ముందు గొట్టం నోట్లో ఎలా పెడతారు? "బాగున్నవా పెద్దమ్మా?" అని పలకరించి, ఒక్కొక్కరే జారుకున్నారు.

ఓనరే ఉరుక్కుంటూ నా దగ్గరికి దిగాడు. "అన్నా, హుక్కాలన్నీ డాబా మీదికి మారుస్త. జర పెద్దమ్మను కిందికి పిలువు!"

నేను అలవాటు కొద్దీ ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాను. పైనుంచి అమ్మ కేకేసింది: "ఇంకేం బేరం రా, ఒప్పుకో! నాకు చాయ్ యాల్లయింది."