జెడ్ దాకా చదివిన సూదిపిన్ని

సూదిపిన్ని ఈ సంగతి కూర్చుని చెప్పలేదు. ఎప్పుడు అడిగినా సగానికొచ్చేసరికి లేచి నిలబడుతుంది.

పిన్నిది పుస్తకాల బైండింగు పని. బాబాయి నడిపే చిన్న షాపులో సూది ఆమెది, జిగురు ఆడపడుచుది. విడివిడిగా వచ్చిన కాగితాల కట్టల్ని పిన్ని దారంతో కలిపి కుడుతుంది. ఆడపడుచేమో పుస్తకం వీపుకు జిగురు రాసి అట్ట వేస్తుంది. కుట్టేటప్పుడు కళ్లన్నీ బెజ్జం మీదే. నాలుగు వాక్యాలు కంటబడేలోపు కట్ట అయిపోతుంది, పుస్తకం ఎవరింటికో వెళ్లిపోతుంది. వేల పుస్తకాలు ఆ చేతుల్లోంచి పోయాయి గానీ పిన్ని ఒక్కదాన్నీ చివరిదాకా చదివింది లేదు. ఆ మాట దిగులుగా అనదు, మండిపడుతూ అంటుంది. "మిఠాయి కొట్లో పనిచేసే షుగరు మనిషినిరా నేను."

ఓసారి ఒక పెద్దాయన పాత ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెచ్చిచ్చాడు. ముత్తాతల నాటిది, వీపు ఊడిపోయింది. కుట్టి అట్టవేసి పెడితే మళ్లీ రాలేదు. ఇచ్చిన నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడపడుచు ఊరికే తెరిచి పైకి చదివింది: "కంప్యూటర్: లెక్కలు వేయువాడు." మిషను కాదట, మనిషట. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అక్కణ్ణుంచి అదే ఆట. రోజుకో పేజీ. ఒకరు అందులో ఇచ్చిన వెనకటి అర్థం చదివితే, అది ఏ మాటదో రెండోవాళ్లు చెప్పాలి. ఓడినవాళ్లు జిగురు కాచాలి. ముందు పేజీలు తొంగిచూడకూడదు. దారపు ఉండని క్లూ అనేవాళ్లట. విలన్ అంటే ఎవరి పొలంలోనో చాకిరీ చేసే పాలేరట. ఆడైనా మగైనా చిన్నపిల్లలందరూ గర్లేనట. తెలివితక్కువవాణ్ణి నైస్ అనేవాళ్లట. అది చదివిన రోజు నుంచి బాబాయి ఏదైనా మరిచిపోతే వదినా మరదళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని "నైస్" అనేవాళ్లు. ఆయన పాపం, మెచ్చుకుంటున్నారనుకునేవాడు.

అలా ఏళ్లు గడిచి టి అక్షరం దాటారు. పిన్ని పట్టుదల ఒకటే, జీవితంలో ఒక్క పుస్తకం చివరిదాకా చదవాలి. ఆఖరి పేజీ అయిపోయాక ఎలా ఉంటుందో చూడాలని రోజూ అనేదట.

డబ్ల్యూలోకి వచ్చారో లేదో, ఓ పొద్దున షాపు ఫోను మోగింది. పెద్దాయన మనవరాలు. తాతయ్య ఒంట్లో బాగాలేక ఇన్నాళ్లూ అత్తావాళ్లింట్లో ఉన్నాడని, నిన్ననే ఇంటికొచ్చి రాగానే ఆ పుస్తకం అడిగాడని, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని చెప్పింది.

పిన్ని సూది పక్కన పెట్టేసింది. ఇవాళ పందెం లేదు, పని లేదు, చదవడమేనంది. బాబాయి వచ్చి ఇద్దర్నీ చూసి, తనే జిగురు కాయడానికి కూర్చున్నాడు.

"వైఫ్: స్త్రీ. ఏ స్త్రీ అయినను" అని చదివింది పిన్ని.

"అయితే నేనూ వైఫునే వదినా" అంది, పెళ్లి ఊసెత్తితే పారిపోయే ఆడపడుచు.

"ఎవరికే?"

"ఎవరికీ కాదు. సుఖమంతా అందులోనే ఉంది."

నవ్వడానికి తీరికలేదు, తర్వాత నవ్వుదాం, ముందు పేజీ తిప్పమంది పిన్ని.

వై మొదలుపెట్టేసరికి మనవరాలు రానేవచ్చింది. పరాయి సొత్తు, అవతల పెద్దాయన ఎదురుచూస్తున్నాడు, ఇంకో రోజు ఉంచుకుంటామని ఏ మొహంతో అడగడం? పిన్ని పుస్తకం రెండు చేతులా అందించింది గానీ వేళ్లు మాత్రం వదల్లేదు.

"అమ్మాయ్, మీ ఇల్లెంత దూరం?"

కారులో అరగంట పడుతుందంది ఆ పిల్ల.

"అయితే నేనూ వస్తా. దారిలో చదువుకుని మీ గేటు దగ్గర ఇచ్చేస్తా."

ఆ పిల్ల బిత్తరపోయింది, తేరుకుని సరేనంది. ముందు సీట్లో పిన్ని, వెనక ఆడపడుచు. గాలికి పేజీలు ఎగురుతుంటే అద్దాలు ఎక్కించారు. కుదుపు వచ్చినప్పుడల్లా పిన్ని వరస తప్పి, మళ్లీ పైనుంచి అందుకునేది. "కర్ర, బెత్తము" అని చదివి ఇదేమిటో చెప్పమంటే మనవరాలు తెల్లమొహం వేసింది. బట్ట కొలిచే యార్డట! అంతే, ఆ పిల్లకీ పిచ్చి పట్టుకుంది. తర్వాత సిగ్నల్లో పచ్చలైటు పడినా బండి తీయదు, ఇంకో మాట అడగమంటుంది. వెనక హారన్లే హారన్లు.

గేటు వచ్చేసరికి ఇంకా రెండు పేజీలున్నాయి. మనవరాలు ఆపలేదు. నేరుగా సందు చివరిదాకా పోయి కారు తిప్పింది.

"నడికట్టు, మొలనూలు" అంది పిన్ని.

జిప్పా? కాదు. మరేమిటి? జోన్. నో పార్కింగ్ జోన్ అంటామే, ఆ జోనే. ఒకప్పుడు నడుముకు కట్టుకునేదట. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు.

మేడమీద కుర్చీలో ఉన్న పెద్దాయన, సొంత కారే తన ఇంటిముందు నుంచి మూడోసారి వెళ్లిపోవడం చూసి ఫోను చేశాడు. ఇల్లు మర్చిపోయావా ఏమిటే అన్నాడట.

"ఉండు తాతయ్యా, ఇంకో అరపేజీ ఉంది."

ఆ అరపేజీ పిన్ని వేలు పెట్టుకుని, ఒక్కో మాటా ఆగి ఆగి చదివింది. ఆఖరి మాట అయ్యాక వెనకున్న తెల్లకాగితం కూడా తిప్పి చూసింది, ఏమైనా ఉందేమోనని.

"ఇక ఆపు తల్లీ" అంది అప్పుడు. "దిగుదాం."