ముసురు రోజున కొట్టిన వార్నిష్

ఆ బొమ్మ విమానం పాడైంది నా వల్లేనని రెండేళ్లపాటు చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, తప్పు తనదేననుకుని పక్కింటాయన నొచ్చుకుంటే, "పర్లేదులే అన్నా" అని పెద్దమనిషిలా ఊరుకున్నాను.

బిట్రగుంటలో రైల్వే కాలనీ వెనక వీధిలో ఒకే గోడకు అటూ ఇటూ మా ఇళ్లు. ఆయన ఉద్యోగమంతా రైలు పెట్టెల మీద అంకెలు, అక్షరాలు రాశాడు. రిటైరయ్యాక, నేను ప్లాస్టిక్ విమానాలు అతికించి రంగులు వేయడం చూసి తనూ మొదలుపెట్టాడు. నాది గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్. ఆయన కుంచె తప్ప ముట్టడు.

"నీ మిషన్ బుస్సుమంటాది గానీ అబ్బయ్యా, ఒక్క సున్నా చుట్టమను చూద్దాం" అనేవాడు.

అరచేయంత యుద్ధవిమానానికి ఆయన నెల రోజులు రంగు వేశాడు. రెక్కల మీద అంకెలు ఊపిరి బిగబట్టి రాశాడు. పైన మెరుపు తగ్గించే వార్నిష్ మాత్రం నన్ను కొట్టమన్నాడు. ఆ రోజు ముసురు. సముద్రపు గాలికి గోడలు చెమర్చి ఉన్నాయి. అంత తేమలో కొడితే వార్నిష్ తెల్లబడుతుందని నాకు తెలుసు. అయినా ఎయిర్‌బ్రష్‌కి గాలి అందించే కొత్త కంప్రెసర్ చూపించుకోవాలన్న తొందర. పది నిమిషాల్లో విమానమంతా పాలపొర కమ్మింది.

ఆయన వంగి రెక్కల మీద తన అంకెల కోసం వెతికాడు. "నా రంగే సరిగా కలవలా. చెయ్యి పోయినాది అబ్బయ్యా. నీ వార్నిష్ గూడా చెడగొట్టినా, ఏమనుకోబాక."

మర్నాడు కుంచెలన్నీ పాత లుంగీ గుడ్డలో చుట్టి, విమానంతో సహా నాకిచ్చేశాడు.

అప్పట్నుంచి నా గది నాకే ఇరుకైంది. అలమరలోని ఆ విమానాన్ని పారేయలేను, చూడలేను. కంప్రెసర్ వేస్తే చప్పుడు గోడ అవతలికి వినపడుతుంది. వినపడితే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడతాడు. అందుకని నేనూ రంగులు మానేశాను. కుళాయి దగ్గర ఎదురైతే చేతులు చాపి నవ్వేవాడు: "ఇప్పుడివి బీడీ పట్టుకునేదానికే." చెప్పబోయేవాణ్ణి. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తోచక బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేసేవాణ్ణి.

మొన్న ఎండాకాలం, పడమటి వడగాలి వీస్తున్న ఒక మధ్యాహ్నం, కంప్రెసర్ వేశాను. రంగును పలచన చేసే థిన్నర్ ఒక్కటే పోసి, ఆ విమానం మీద పొగలా పైపైన చల్లాను. కాస్త ఎక్కువైతే అంకెలూ కరిగిపోతాయి. తెల్లపొర మెల్లగా విడిపోయింది. కింద ఒక్క సున్నా కూడా వంకర లేదు.

చప్పుడు విని ఆయన రానే వచ్చాడు. విమానం అందుకుని కిటికీ వైపు తిప్పాడు.

"నా రంగు బాగానే ఉండాదే!"

"ఎప్పుడూ బాగానే ఉండాది." కుంచెల మూట ఆయన చేతిలో పెట్టాను. "ముసురులో కొట్టకూడదని తెలిసే కొట్టినా అన్నా. నీ చెయ్యి పోలేదు. పోయిందని నువ్వంటుంటే రెండేళ్లు విని ఊరుకున్నా. నన్ను క్షమించు."