మిన్నెసోటా సరస్సులో శీలావతి

న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోలో ఉండే మా అన్నయ్య ఫోన్ చేసినా, ఇంటికొచ్చినా మా ఆయన్ని మొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఏం బావా, చేపేమైనా పడిందా?"

మేం మిన్నెసోటాకు మారి చాలా ఏళ్ళయింది. ఇక్కడ కారు ఎటు తిప్పినా ఏదో ఒక సరస్సు ఎదురొస్తుంది. మా ఆయన ఏటా ఫిషింగ్ లైసెన్స్ తీసుకుంటాడు, కొత్త గాలాలు కొంటాడు, వీడియోలు చూసి ఎర గుచ్చడం నేర్చుకున్నాడు. ఇంటికి మాత్రం ఒక్క చేపా రాలేదు. ఆయనది వరంగల్. చిన్నప్పుడు ఆయనకు తెలిసిన చేపంటే బజార్లో ముక్కలు కొట్టించి తెచ్చేదే. మాది కొల్లేరు పక్క ఊరు. మా అన్నయ్యకు మాటలు రాకముందే చేపల పేర్లు వచ్చాయని మా అమ్మ ఎప్పుడో అంది. అది ఎలా సాధ్యమని ఎవరూ అడగలేదు కాబట్టి, ఆ మాట పట్టుకుని అన్నయ్య ఈ రోజుకీ పెత్తనం చేస్తున్నాడు.

పోయిన వేసవిలో అన్నయ్యా వదినా వస్తున్నారనగానే మా ఆయన ఫోన్‌లో నోరు జారాడు. "ఈసారి నేను పట్టిన చేపతోనే పులుసు, బావా."

"ఫోటో చూపిస్తే కుదరదు బావా. ఫోటోతో పులుసు కాయలేం" అన్నాడు అన్నయ్య.

నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ మావాళ్ళందరికీ ఆటపట్టించడానికి దొరికింది ఆయనే. ఆఫీసులో పదిమందీ వచ్చి సలహా అడిగే మనిషికి మా అన్నయ్య ముందు మాట పెగలదు. ఈ ఒక్కసారైనా అన్నయ్య దగ్గర తలెత్తుకోవాలని ఆయనకు ఎంత ఉందో నాకు తెలుసు.

సరస్సుకు బయల్దేరే రోజు పొద్దున్నే గరాజ్‌లో చప్పుడైతే తొంగి చూశాను. మా ఆయన ఐస్ బాక్స్ అడుగున ఏదో దాచి, పైన ఐస్ పోస్తున్నాడు. ఆయన కారు తియ్యడానికి వెళ్ళగానే ఐస్ పక్కకు తోసి చూశాను. ఇండియన్ స్టోర్‌లో అమ్మే ఫ్రోజెన్ చేప, రాత్రే కరగబెట్టి, కవరు ఒలిచేసి పెట్టాడు. అదీ శీలావతి. మా ఊరి చెరువుల్లో పెరిగే చేపను మిన్నెసోటా చేప అని చెప్పి కొల్లేరు మనిషికి చూపించబోతున్నాడు. నేను అప్పుడే ఆపాల్సింది. కానీ దాన్ని చూడగానే మా అన్నయ్య మొహం ఎలా మారుతుందో కళ్ళారా చూడాలని నా పాడు బుద్ధికి అనిపించింది. ఐస్ మళ్ళీ సర్దేసి, పులిహోర డబ్బా తెచ్చి కార్లో పెట్టాను.

వదిన చింతపండు నానబెడతానని ఇంట్లో ఉండిపోయింది. మేం ముగ్గురం ఉత్తరం వైపు చాలాసేపు డ్రైవ్ చేసి సరస్సు చేరాం. అన్నయ్యకు ఆఫీస్ మీటింగ్ ఉంది, ఒడ్డున నీడలో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. అద్దె పడవలో మేమిద్దరమే వెళ్ళాం.

మధ్యాహ్నం కావస్తుండగా గాలం వంగింది. ఎప్పుడూ లేనిది, నిజంగానే వంగింది. మా ఆయన కింద పడబోయి నిలదొక్కుకుని, ఎలాగోలా దాన్ని పైకి లాగాడు. బంగారు రంగు ఒళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు. ఇక్కడివాళ్ళు ప్రాణం పెట్టే వాలై అనే చేప. ఆ సరస్సులో ఒక కొలత దాటిన వాలైని ఉంచుకోకూడదు. గుడ్లు ఎక్కువగా పెట్టేవి ఆ పెద్ద తల్లులే, వాటిని తినేస్తే సరస్సులో పిల్లలుండవు. మా ఆయన దాన్ని కొలబద్ద మీద పెట్టి చూశాడు. దాటింది. తోక సర్ది మళ్ళీ చూశాడు. అప్పుడూ దాటింది.

"ఎవరు చూస్తారు? టవల్ కింద పెట్టెయ్యండి" అన్నాను. సగం ఆయన్ని పరీక్షించడానికే, సగం ఆశతో.

"వద్దు. రూల్ ఉన్నది కదా" అన్నాడు. దాన్ని నీళ్ళలో కాసేపు పట్టుకుని, అది తేరుకుని ఒళ్ళు విదిలించాక వదిలాడు. నా వైపు తిరిగాడు. "నువ్వు చూసినవ్ కదా?"

"చూశాను."

"బావ నమ్మడు."

మేం ఒడ్డుకు రాగానే అన్నయ్య లాప్‌టాప్ మూశాడు. "ఏం బావా, పడిందా?"

మా ఆయన ఐస్ బాక్స్ తెరిచి, శీలావతిని రెండు చేతులతో ఎత్తి చూపించాడు. అన్నయ్య చేపను చూశాడు, మా ఆయన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను చెట్లను చూస్తున్నాను. అన్నయ్య నోరు తెరిచేలోపే వెనకనుంచి ఎవరో హలో అన్నారు.

ఫిషింగ్ రూల్స్ చూసే ఆఫీసర్. యూనిఫాంలో ఉన్న నడివయసు అమెరికన్ ఆవిడ. లైసెన్సులు చూసి సరిగ్గానే ఉన్నాయంది. అంతలో ఆవిడ కళ్ళు చేప మీద పడ్డాయి. దగ్గరికొచ్చి ఆ పెద్ద పెద్ద పొలుసుల మీద వేలు పెట్టి చూసింది. ఇదెక్కడ పట్టారని అడిగింది. అన్నయ్య పక్కనే ఉన్నాడు. మా ఆయన జమ్ము గడ్డి మొలిచిన వైపు చెయ్యి చూపించాడు.

ఆవిడ మొహం పాలిపోయింది. ఇది ఈ నీళ్ళలో ఉండాల్సిన చేప కాదు, బయటి చేప అంది. ఒకటి దొరికిందంటే ఇంకా ఉన్నట్టేననీ, అవి వాలై పిల్లలకు తిండి మిగల్చవనీ, ఇవాళే పడవలు ఆపించి వలలు వేయించాలనీ గబగబా చెప్పింది. ఎంత లోతులో పడింది, ఏ ఎర వేశారు అని అడుగుతూనే ఫోన్ తీసింది. తను పుట్టి పెరిగింది ఈ సరస్సు ఒడ్డునేనంది.

నా సరదా అక్కడితో చచ్చిపోయింది. గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాళ్ళం, ఆఫీసర్‌తో అబద్ధమాడాం. దానికన్నా ఆవిడ మొహం చూస్తే ఎక్కువ భయమేసింది. మా ఆయన ఆవిడ వైపు చూశాడు, అన్నయ్య వైపు చూశాడు.

"బావా" అన్నాడు అన్నయ్య తెలుగులో, చాలా మామూలుగా. "ఓ ఐదు నిమిషాలు నాకు ఇంగ్లీష్ రాదు."

మా ఆయనకు అర్థం కాలేదు.

"ఆవిడతో ఏం చెప్పాలో చెప్పుకో. నాకేం తెలియదు" అని అన్నయ్య చెప్పులు విప్పి, పాంటు మడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఫార్మా కంపెనీలో రోజూ ఇంగ్లీషులోనే అరిచే మనిషి. మా అన్నయ్య మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

మా ఆయన అంతా చెప్పేశాడు. ఇండియన్ స్టోర్ గురించీ, బావ గురించీ, వదిలేసిన వాలై గురించీ. ఆవిడ ఫోన్ జేబులో పెట్టుకుని, పడవలు కట్టే చెక్కల మీద కూలబడి, తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక మాత్రం గట్టిగానే మందలించింది. ఈ చేప పొలుసులు గానీ, పేగులు గానీ, ఐస్ నీళ్ళు గానీ సరస్సులో పడకూడదు, అన్నీ ఇంటికే పోవాలి అంది. వెళ్తూ వెళ్తూ ఆగి, ఆ పెద్దదాన్ని వదిలినందుకు థాంక్స్ అంది.

అన్నయ్య ఒడ్డెక్కి "అయిందా? బయల్దేరదామా?" అన్నాడు.

దారంతా రోడ్ల గురించి మాట్లాడాడు, న్యూజెర్సీ ఇళ్ళ ధరల గురించి మాట్లాడాడు. చేప ఊసే లేదు. చాలా దూరం వచ్చాక స్టీరింగ్ పట్టుకున్న మా ఆయనే ఉండబట్టలేకపోయాడు.

"బావా, ఏదో ఒకటి అనరాదు."

"దేని గురించి బావా?" అన్నాడు అన్నయ్య కిటికీలోంచి చూస్తూ. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

చేప కోసి పులుసు కాచింది నేనే, వదినని వంటింట్లోకి రానివ్వలేదు. రాత్రి భోజనాలకు కూర్చున్నాం. వదిన పులుసు కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "ఇదేంటి, అచ్చం మన శీలావతిలాగే ఉంది?"

"ఇక్కడి చేపలు అలాగే ఉంటాయిలే, తిను" అన్నాడు అన్నయ్య తలెత్తకుండా. నోటిదాకా వచ్చిన జోకుని మా అన్నయ్య మింగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట అనడానికి ఎంత కష్టపడి ఉంటాడో నాకు తెలుసు.

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"శీలావతే అక్కా" అన్నాడు. "ఇండియన్ స్టోర్‌ల పట్టిన. ఫ్రీజర్ కింది అరల ఉండె. ఎర కూడా వెయ్యలే, చెయ్యి పెట్టంగనే వచ్చింది."

వదిన మా మొహాలు మార్చి మార్చి చూసింది. అన్నయ్యకు పొలమారింది. దగ్గి, నవ్వి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. ఆ ఊపు తగ్గాక తన కంచంలోకి చూసుకున్నాడు. మా పుట్టింట్లో చేప తలకాయ ఎప్పుడూ అన్నయ్యదే. మా నాన్న అడిగినా ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు దాన్ని తీసి మా ఆయన కంచంలో పెట్టాడు.

"తిను బావా, చల్లారిపోతుంది."