పొగగొట్టం సన్నటి కొస

మేము ఏసీ డక్టులు, అంటే చల్లగాలి పోయే రేకు గొట్టాలు, వేసేవాళ్ళం. ఖతర్‌లో ఇంట్లో పొయ్యి కావాలనే మనిషి ఉంటాడని మాకు కలలో కూడా తోచలేదు. మదీనత్ అల్ షమాల్ అనే ఊళ్ళో ఒక ముసలి అరబ్బుకు ఆ ముచ్చట పుట్టింది. ఇంటి వెనక షెడ్డులో ఆయన చిన్న చిన్న చెక్క పడవలు చేసుకుంటాడు. చలికాలం సముద్రపు గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయట. కొడుకు విదేశం నుంచి కట్టెల పొయ్యి తెప్పించాడు. దాన్ని బిగించి, పొగగొట్టం కప్పు పైకి తీసే పని మా కంపెనీకి వచ్చింది.

పంపింది కాకను, నన్ను. సొంత బాబాయి కాదు, జగిత్యాల దగ్గర మా పక్క ఊరాయన. రేకు కత్తెర పట్టడం నాకు నేర్పింది ఆయనే. అప్పటికి కంపెనీలో పని తగ్గింది. మా ఇద్దరిలో ఒక్కరి వీసానే రెన్యువల్ అవుతుందని, ఎవరిదో ఈ పని చూసి తేలుస్తానని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు. నాకైతే ఇంకోచోట దొరుకుతుంది. కాకకు యాభై ఆరు. కూతురి నర్సింగ్ చదువు ఇంకా రెండేళ్ళుంది. ఆ వయసులో కొత్త వీసా ఎవడిస్తాడు?

గొట్టం ముక్కలకు ఒక కొస సన్నగా ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి దూరడానికి. గాలి ఎటు పోతే సన్నటి కొస అటుండాలి. మా పనిలో అది అ ఆల లాంటిది. కాక అలాగే సన్నటి కొసలు పైకి పెట్టి బిగిస్తున్నాడు. మొదటి ముక్క పొయ్యి మెడలో దిగలేదు. దాని మూతి సాగగొట్టి మెడ మీద తొడిగాడు.

పెట్టెలో ఒక కాగితం ఉంది. అందులో బొమ్మ చూశాను. సన్నటి కొస కిందికి ఉంది. పొగ చల్లబడితే తారు కారుతుంది, అది గొట్టం లోపల్నుంచే పొయ్యిలోకి దిగాలి. కాక వేసిన పద్ధతిలో ప్రతి అతుకు దగ్గరా బయటికి వస్తుంది.

సూపర్‌వైజర్ గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. చెప్పానా, అక్కడే కాక పని అయిపోయినట్టు. చెప్పకపోతే పని చెడుతుంది, అప్పుడూ పోయేది కాకే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అయినా, "కాకా, ఒక్కసారి కాగితం..." అన్నాను.

"పదిహేనేండ్ల సంది చేస్తున్న. కాగితం చూసి చేస్తనా?" అన్నాడు ఆయన, తిరిగి చూడకుండానే.

నేను కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాను. ఆ మడవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజు పొగ చక్కగా పైకి వెళ్ళింది. ముసలాయన మాకు చాయ్ ఇచ్చి, పొయ్యి ముందు చేతులు చాపి నవ్వాడు. నాలుగోరోజు ఫోన్ వచ్చింది. రాత్రి మంచుకు తడిసిన కట్టెలు వేశారట. అతుకుల్లోంచి నల్లటి తారు కారి, సగం చెక్కిన పడవ మీద పడింది. మేము వెళ్ళేసరికి ఆయన దాన్ని గుడ్డతో తుడుస్తూ మాఫీ ముష్కిల్, ఫరవాలేదు అన్నాడు. మా ముందే కంపెనీకి ఫోన్ చేసి, వీళ్ళనేం అనకండని కూడా చెప్పాడు. పెద్దమనిషి. కానీ సూపర్‌వైజర్ అప్పటికే పంపేసేవాళ్ళ లిస్టులో కాక పేరు రాసేశాడు.

గొట్టమంతా విప్పి తిరగేయాలి. కాక కాగితం నా చేతికిచ్చి చదవమన్నాడు. నేను చెబుతుంటే, నిన్నగాక మొన్న పనిలో చేరినవాడిలా ప్రతి ముక్కా ఎత్తి చూపించి, ఎటని అడిగి బిగించాడు. చివరి ముక్క దగ్గర ఆగాడు.

"మొన్న నువ్వీ బొమ్మ చూసినవా?"

"లేదు కాకా. అప్పుడు తెర్వనే లేదు."

ఆయన రెండు స్క్రూలు బిగించాడు.

"చూడకుంటే నయమే బిడ్డా. చూసి చెప్పలేదంటే, నేన్ నీకు పని గాదు, భయం నేర్పిన అనుకుంటుంటి."

ఆ నెలాఖరుకు ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. నా వీసా రెన్యువల్ అయింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాను, ఈసారి చెప్పేద్దామనే. నేను నోరు తెరిచేలోపే ఆయన మా పిల్లల క్షేమం అడుగుతాడు. బాగున్నారంటాను.