ఏనుగుచెట్టు ఇవాళే పడుతుంది

శ్రీపతిగారి లెక్కన ఏనుగుచెట్టు రోజూ ఇవాళే పడుతుంది. భార్య విమలకు ఆయనతో ఉన్న బెంగల్లా ఇదే.

నాంపల్లి కోర్టుల వెనక నవాబుల మహలు, దేవిడీ, ఎన్నడో కూలిపోగా, దాని తోట పార్కుగా మిగిలింది. నడుమ ఏనుగు పొట్టంత మొదలు, నలుగురు కూర్చునేంత తొర్ర ఉన్న ఆ చెట్టు వయసు ఎవరికీ తెలియదు. ఎన్ని గాలివానలొచ్చినా అది కదలలేదు. అయినా రిటైరైన గుమస్తా శ్రీపతిగారు గొడుగెత్తి దాని ముందు నిలబడేవారు.

"ఓ బాబూ, జరుగు! చప్పుడు ఇనవడ్తలేదా?"

"ఏం చప్పుడు సార్?"

"ఇనవడ్డంక ఉరుకుదామన్నా టైముండదు!"

ఫోటోలు దిగేవాళ్లు పరుగెత్తారు. పేకాటవాళ్లు ముక్కలు వదిలేసి పోయారు. చెట్టుకింద కునుకు తీస్తున్న ప్లీడరు ఒకాయన ఒంటికాలి బూటుతో కోర్టుకు చేరాడట. మనిషి నిజానికి సాక్ష్యం అడుగుతాడు గాని, భయానికి అడగడు.

"మొజంజాహీ మార్కెట్ల పండ్లాయన గూడ అడుగుతుండు, 'అమ్మా, సారు చెట్టు పడ్డదా' అని. తల యాడ పెట్టుకోవాలె?" అని విమల వాపోయేది.

"ఇయ్యాల పడ్తదని చెప్పు" అనేవారాయన, మజ్జిగ తాగుతూ.

చివరికి ఆ భయం ఊరంతా పాకింది. ఓ సోమవారం పార్కు అధికారి విద్యాసాగర్ రంపాలతో దిగాడు. భర్త మరచిపోయిన కళ్లద్దాలు ఇవ్వడానికి వచ్చిన విమలకు, ఆయన చెట్టును కావలించుకుని కనిపించారు.

"పెద్దాయనా, మీ మాట మీదనే కొట్టేస్తున్నం."

"వద్దు! ఇంకో వందేండ్లయినా పడదు!"

"ఇవాళే పడ్తదంటిరి గదా?"

"అబద్ధం చెప్పిన."

విమల కళ్లద్దాలు చేతపట్టుకునే ముందుకొచ్చింది. ఇంట్లో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని మొహం మీదే చెప్పే మనిషి!

"ఎందుకు చెప్పిన్రు?" అంది విమల.

శ్రీపతిగారు చెట్టును ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అటు రంపం మోటారు గుర్రుమంది. తొర్రలోంచి పసిబిడ్డ కెవ్వుమంది.

రంపం ఆగిపోయింది. కొంగు సర్దుకుంటూ, బిడ్డనెత్తుకుని ఒక అమ్మాయి బయటికొచ్చింది.

"ఏంది తాతా గీ లొల్లి? పోరడు జర పాలు తాగి ఇప్పుడే పండుకుండు!"

"పడే చెట్టులో పసిబిడ్డా!" అన్నాడు విద్యాసాగర్.

"కోర్టు వాయిదాకొచ్చిన తల్లులం సార్. గాడ గంత జనంల పాలియ్యాలంటే సిగ్గయితది. తాత మమ్మల్ని గీ తొర్రలకు పొమ్మంటడు, మగోళ్లను దూరం కొడ్తడు."

విమల భర్తకేసి తిరిగింది. "నాకన్నా చెప్పరాదా?"

"నువ్వు పండ్లాయనకు చెప్తవు. ఇగ ఎవడు భయపడ్తడు?"

విద్యాసాగర్ నుదురు తుడుచుకున్నాడు. "ఇంతకీ పడ్తదా, పడదా? పైవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలె."

శ్రీపతిగారు గొడుగెత్తారు. "మగోళ్ల మీదనే పడ్తదని చెప్పు."

ఎవరూ నవ్వకముందే, విద్యాసాగర్ తనకు తెలియకుండానే వెనక్కి జరిగాడు. రంపాలు వచ్చిన బండే ఎక్కి వెళ్లిపోయాయి.

మర్నాడు పండ్లాయన అలవాటుగా అడిగాడు. విమల తడుముకోలేదు.

"ఇయ్యాల్నే పడ్తది. అటు పోకు."