ఉత్తుత్తి రేడియేషను, నిజం సబ్బు

ఎనభైలు ముగియవస్తున్న ఆ కాలంలో ఆదోని ఆసుపత్రిలో వేశారంటే తోటి డాక్టర్లు చేతులు పట్టుకుని ఓదార్చేవారు. నేనూ చేరిన రోజు నుంచే కర్నూలు బదిలీ కోసం కాచుకుని, పెట్టె పూర్తిగా విప్పకుండా రోజులు నెట్టాను (వేసవిలో ఆ పెట్టెలోని చీరలు నాకంటే సుఖంగా ఉండేవి). ఇంతలో ఎక్కడో చలిదేశంలో అణు విద్యుత్ కేంద్రం పేలడం నాకు కలిసొచ్చింది. అలాంటిది మన దగ్గర జరిగితే వైద్యం ఎలా చేయాలో ఆసుపత్రులు ముందుగా సాధన చేసి చూపాలని పైనుంచి ఆదేశం వచ్చింది. అందుకు బొంబాయిలో పెట్టిన శిక్షణకు ఎవరూ కదలకపోతే నేను వెళ్ళివచ్చాను. మా సాధన చూడటానికి కర్నూలు నుంచి వచ్చే పెద్దసారు మెచ్చుకుంటే బదిలీ చేతికొచ్చినట్టేనని నా లెక్క.

నేర్చుకున్నది చెప్పడానికి తేలికే. రేడియేషను ధూళి పడిన మనిషికి బట్టలు విప్పించాలి, గోరువెచ్చని నీళ్ళతో, సబ్బుతో తల నుంచి కాళ్ళ దాకా కడగాలి, మీటరు పెట్టి చూడాలి, ఇంకా ఉంటే మళ్ళీ కడగాలి. కడిగిన నీళ్ళు కాలువలో కలవకుండా డ్రమ్ముల్లో పట్టాలి. మీటరు ఇంకా రాలేదు కాబట్టి టార్చిలైటు పెట్టుకున్నాం. ధూళికి మాత్రం కొదవలేదు. పక్కనే పత్తి జిన్నింగు మిల్లు. పని దిగిన ఆడవాళ్ళ జుట్టు నిండా, కనురెప్పల మీద కూడా తెల్లటి నూగు. అందరూ ఖాలా అని పిలిచే మా ఆయాతో చెప్పి, వాళ్ళలో ఐదుగురిని ఉత్తుత్తి రోగులుగా రమ్మన్నాను. ఊళ్ళో కుళాయిలు ఎండి వారం దాటిందన్న సంగతి బొంబాయి పాఠంలో లేదు, నాకూ తట్టలేదు. మున్సిపాలిటీ వాళ్ళను బతిమాలి ట్యాంకరు తెప్పించి, దుప్పట్లు అడ్డం కట్టి, ఎమ్మిగనూరు తువ్వాళ్ళు మడతపెట్టుకుని నిలబడ్డాను.

సారు వచ్చి దుప్పట్లకు ఇవతల కుర్చీలో కూర్చునేసరికి వరుస గేటు దాటి రోడ్డెక్కింది. "ఖాలా, ఐదుగురనే కదా చెప్పాను!" అంటే, "నేను ఐదుగురికే సెప్పినానమ్మా. సబ్బు గూడా ఇస్తారని వాళ్ళు ఊరికంతా సెప్పుకున్యారు" అంది. వరుసలో ముందున్న ఆమెను నీకేమైందని అడిగాను. "నాకూ అంటుకునింది డాక్టరమ్మా." "ఏమంటుకుంది?" "అదే, నువ్వు బొంబాయిలో సదువుకొని వచ్చింటివే, అది. మా అత్తకు ఇంగా గట్టిగా అంటుకునింది. నడ్సలేక ఎనకాల వస్తాండాది." కడిగి, టార్చి వేసి చూసి, పోయిందమ్మా వెళ్ళమంటే, "తల్లో ఇంగా ఉన్నట్టుంది, ఇంగోసారి ఎయ్యి లైటు" అని కూర్చునేవాళ్ళే అందరూ. కాన్పు చూడటానికి ఎమ్మిగనూరు బస్సు దిగిన చుట్టాలు కూడా ఏమిటని అడగకుండానే వరుసలో నిలబడ్డారు.

ఇంతలో స్నానాలైనవాళ్ళు బిందెలు తెచ్చి డ్రమ్ముల్లోని నీళ్ళు ముంచుకోసాగారు. నేను పరుగెత్తాను. "ముట్టకండమ్మా, అవి విషం!" "రోగమే ఉత్తుత్తిదని నువ్వే అంటివి. ఇంగ ఇసం యాడిది? బర్రెలు కడుక్కుంటాము, ఇడువమ్మా" అని నన్ను మెల్లగా పక్కకు జరిపారు. బిందెడు బిందెడుగా నా కర్నూలు గేటు దాటిపోతోంది.

సారు మాత్రం పెన్ను మూత పెట్టి లేచాడు. "తోపులాట లేదు. రానన్నవాళ్ళు లేరు. కడిగిన నీళ్ళు చుక్క మిగల్లేదు. మిగతా ఊళ్ళలో ఐదుగురిని పట్టుకురావడానికే మా తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మాయ్, నిన్ను ఆదోని నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ కదిలించకూడదని గట్టిగా రాస్తాను" అని ఆశీర్వదించి జీపెక్కాడు.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను (చిన్నదాన్ని, ఏడవక ఏం చేస్తాను). మిల్లు మనిషి ఒకామె తడి జుట్టు విదుల్చుకుంటూ వచ్చి, "ఏంటికేడుస్తాండావమ్మా, సబ్బు అయిపాయనా?" అంది. కాదన్నాను. పక్కన కూర్చుంది. నూగు వదిలాక చూస్తే నా ఈడుదే. "అది మళ్ళా ఎప్పుడు పేలుతాది డాక్టరమ్మా?" అని ఆశగా అడిగింది.

వచ్చే నెలలో పేలుతుందని మాటిచ్చాను. ఏడుస్తూనే ఇచ్చిన ఆ మాటను తలచుకుంటే ఆ పిల్ల డాక్టరు ఇప్పుడు నాకు ముద్దొస్తుంది. ఆ తర్వాత పైవాళ్ళు సాధన సంగతి మరిచిపోయారు, నేను బదిలీ అడగడం మానేశాను. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆదోనిలో ప్రతి ఎండాకాలమూ అణుప్రమాదం జరిగింది.