అయ్యగారు లేని అమ్మగారు

రేపల్లెలో చేపలమ్మే ఎస్తేరమ్మ కూతురు యునీకే. క్రైస్తవ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లుగా దైవశాస్త్రం చదువుతోంది. బైబిల్లోని కొత్త నిబంధనను మూలభాష గ్రీకులోనే చదవగలదు. మా సంఘాల్లో పాస్టరుని అయ్యగారంటారు, ఆయన భార్యని అమ్మగారంటారు. వేదికెక్కి దేవుని వాక్యం చెప్పే ఆడమనిషిని ఏమనాలో మాత్రం ఇన్నేళ్లయినా మాకు తట్టలేదు!

ఆఖరి ఏడాదిలో ఒక ఆదివారం, బాపట్ల దగ్గర పల్లె సంఘంలో ప్రసంగం చెయ్యమని విశ్వవిద్యాలయం వాళ్లు ఆమెను పంపారు. బైబిలు పట్టుకుని వేదిక ఎక్కబోతుంటే సంఘపెద్ద ఎదురొచ్చాడు.

"వందనాలు అమ్మగారూ. అయ్యగారు ఎక్కడిదాకా వచ్చారండి?"

"అయ్యగారెవరూ లేరండి. ప్రసంగం నాదే."

ఆయన నవ్వేసి, ఆమెను పిల్లల సండేస్కూలుకి పంపి, ప్రసంగం తనే చేశాడు. ఆమె రాసుకొచ్చిన కాగితాలు బైబిల్లోనే ఉండిపోయాయి.

సాయంత్రం ఇంటికొచ్చి, జరిగిందంతా తల్లికి చెప్పి ఏడ్చింది. ఎస్తేరమ్మ చేతులు కడుక్కొచ్చి కూతురి తల నిమిరింది.

"ఊరుకో అమ్మా. ఆయనన్నదాంట్లో తప్పేముంది? నిన్ను అమ్మగారిని చెయ్యాలనేగా ఇన్నాళ్లూ చేపల బుట్ట మోసి చదివించాను. తెనాలిలో ఒక అయ్యగారి సంబంధం ఉందంట."

యునీకే ఏడుపు ఠక్కున ఆగిపోయింది.